మడమ చప్పుడు

హైమావతి ఇంట్లో ఆ నెలంతా పోట్లాటలు కూడా గుసగుసల్లోనే జరిగాయి. చంటిపిల్ల నిద్ర అలాంటిది మరి! పుట్టి ఇరవై రెండు రోజులు, ఒళ్లు చూస్తే దోసెడంత లేదు, కానీ ఇంటిల్లిపాదినీ మునివేళ్ల మీద నడిపిస్తోంది.

"ఆయనే లేకపోతే ఈ దేశం ఏమైపోయేదో తెలుసా నీకు?" అని దామోదరం గారు పళ్ల బిగువున అడిగారు. ఆయన హైమావతి భర్త. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ప్రధాని విరూపాక్ష ఫొటోని బీరువా తలుపు లోపలివైపు అతికించుకున్న మనిషి.

"ఆయన ఉంటే ఏమైపోతుందో ఎల్లుండి మధ్యాహ్నానికల్లా తెలుస్తుందిలే నాన్నా," అంది కూతురు ఝాన్సీ, ఉయ్యాల ఊపుతూ, అంతకంటే మెల్లిగా. "మీ అల్లుడి ఓడ ఇప్పుడు ఎక్కడుందో అడగండి మీ దేవుణ్ని."

దామోదరం గారు ఏదో అనబోయి, పిల్ల కదిలేసరికి నోరు మూసుకుని, పిల్లిలా నడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయారు. హైమావతి నవ్వాపుకుంటూ క్యారేజీ సర్దుకుంది. అల్లుడు శశాంక్ నౌకాదళంలో ఇంజనీరు. బిడ్డని ఇంకా ఫోన్లో తప్ప చూడలేదు.

అసలు గొడవంతా సముద్రం మధ్యలో ఒక రాతి దీవి గురించి. పిట్టలు తప్ప ఎవరూ ఉండరు దాని మీద. అవతలి దేశం వాళ్లు అక్కడ జెండా పాతారు, అడగబోయిన మన పడవని, అందులోని పదకొండుమందిని పట్టుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా వదలకపోతే ఆ తర్వాత మాటలుండవు, ఫిరంగులే అని విరూపాక్ష గడువు పెట్టాడు. ఆ రోజుల్లో ఆయన పేరెత్తితే చాలు, దేశం రెండు ముక్కలయ్యేది. కాలికి దణ్ణం పెట్టేవాళ్లు సగం, కాటికి పంపాలనేవాళ్లు సగం. నాలుగు నెలల్లో ఎన్నికలున్నాయి, గెలవడు గాక గెలవడు అని పేపర్లన్నీ రాస్తున్నాయి. అలాంటివాడు నిన్న సాయంత్రం రేడియోలో ఒక మాటన్నాడు.

"నా జనం అడుగులు నాకు వినిపిస్తున్నాయి. నూటికి తొంభై ఒక్కమంది ఒకే మనసుతో నడుస్తున్నారు."

ఆ తొంభై ఒకటి హైమావతి ఇచ్చిన లెక్కే.

విశాఖలో యారాడ కొండ కింద ఉన్న పరిశోధనశాలకి ఆవిడే పెద్ద. భూమి కంపాల మీద ముప్పై ఏళ్ల చదువు. ఇంటర్నెట్ కోసం దేశంలో ప్రతి రోడ్డు కిందా గాజు తీగలు పాతేశారు కదా, వాటిలోంచి వెలుగు పోతుంటుంది. పైన మనిషి అడుగేస్తే లోపల ఆ వెలుగు రవ్వంత వణుకుతుంది. ఆ వణుకుని పట్టుకోగలిగితే? పదేళ్ల కిందట ఒక తీగ చివర పెట్టె బిగించి, ముసలి టెక్నీషియన్ నూకరాజుని అర కిలోమీటరు అవతల రోడ్డు మీద దూకమంది. తెర మీద గీత ఎగిరింది. నూకరాజు రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చి చూసి, "ఓలమ్మో! నాను దూకితే ఎలుగు వణికిందేటమ్మా!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అదే భూశ్రవణి. ఊరి తర్వాత ఊరు కలుపుకుంటూ పోయి, చివరికి దేశం మొత్తం నడక ఒక్క గదిలో వినిపించే యంత్రమైంది.

ఇది ఫలానావాడి అడుగని పేరు చెప్పడం దానివల్ల కాదు. కానీ జనం కలిసి ఎలా నడుస్తున్నారో చెబుతుంది. "మరి అందరి మనసూ ఒకటైనప్పుడు నడక ఎలా ఉంటుంది? దానికో కొలత కావాలి కదా," అని ఒకరోజు హైమావతి తల పట్టుకుంటే, నూకరాజే దారి చూపించాడు.

"దానికంత ఆలోసనేటమ్మా? మన సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ ఉంది కదా! కొండ సుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు, లచ్చల మంది, అందరి మనసూ సామి మీదే. నాను ఏటా ఎల్తాను. అంతకంటే ఒక్క మనసుతో నడిసే జనం ఈ బూమ్మీద ఉన్నారేటి?"

బంగారంలాంటి మాట అనుకుంది. ఆ ఏడాది ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ రోడ్డు కింద వెలుగు ఎలా వణికిందో పట్టి, దాన్నే నూరు మార్కుల కొలతగా యంత్రానికి నేర్పింది. ఎక్కడి నడకైనా దానికి ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. ఇన్నేళ్లలో దేశం ఎప్పుడూ ముప్పై దాటలేదు. ఈ సోమవారం మాత్రం తొంభై ఒకటి వచ్చింది. నూకరాజు తెరకి దణ్ణం పెట్టాడు. హైమావతికి ఒళ్లు గగుర్పొడిచింది. ఇంతమంది ఒక్కటయ్యారంటే మాటలా! సంతకం పెట్టి ఢిల్లీకి పంపేసింది. అక్కడికి చేరేసరికి ఆ మార్కులే నూటికి ఇంతమంది అనే లెక్కయ్యాయి.

ఇక బుధవారం సంగతి. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు తన ఇంటి తీగ మీద ఒకసారి యంత్రాన్ని సరిచూసుకోవడం హైమావతి అలవాటు. తెలిసిన ఇల్లు, తెలిసిన అడుగులు, తేడా ఉంటే ఇట్టే తెలిసిపోతుందని. ఆ రోజు తెర మీద పడిన అంకె తొంభై ఏడు.

ఫక్కున నవ్వింది. "మా ఇంట్లో ఒకే మనసా! నూకరాజూ, పెట్టెకి మతిపోయింది, చూడవయ్యా. మా ఆయనా మా అమ్మాయీ పొద్దున్నే యుద్ధం చేసుకున్నారు."

"మరి అంతలా ఎందుకొచ్చిందమ్మా?" అన్నాడు నూకరాజు తెర మీదికి వంగి. "అయ్యగారు పెరట్లోకెల్తన్నారు, సూడండి. ఎంత మెత్తగా ఏస్తన్నారో అడుగు."

హైమావతి నవ్వు అక్కడే ఆగిపోయింది. మనిషి అడుగేస్తే గీత రెండుసార్లు లేస్తుంది. ముందు మడమ తాకినప్పుడు ఒకటి, ఆ వెనక వేళ్లు నొక్కినప్పుడు ఒకటి. దామోదరం గారి గీతలో మడమ లేదు. ఝాన్సీ గీతలోనూ లేదు. పాలబ్బాయి గడప దాకా మామూలుగా వచ్చి, గడప దగ్గర మడమ పోగొట్టుకున్నాడు. పిల్ల నిద్రపోతోందని ఊళ్లో అందరికీ తెలుసు మరి.

ఆవిడ గబగబా పాత రికార్డు తీసి గిరి ప్రదక్షిణ గీత పక్కన పెట్టింది. అందులోనూ మడమ దాదాపు లేదు.

"నూకరాజూ, కొండ చుట్టూ నువ్వు ఏ చెప్పులు వేసుకుని నడుస్తావు?"

"సెప్పులా! అదేటి మాటమ్మా? అప్పన్న కాడికి సెప్పులేసుకుని ఎవులైనా ఎల్తారేటి?" అని నొచ్చుకున్నాడు. తర్వాత నోరు తెరిచాడు. ఆ నోరు అలాగే ఉండిపోయింది.

వట్టి కాళ్లు! రాళ్ల రోడ్డు మీద ముప్పై రెండు కిలోమీటర్లు వట్టి కాళ్లతో నడిచేవాడు మడమని కాచుకుంటాడు, మెత్తగా వేస్తాడు. ఆ మెత్తదనాన్నే యంత్రం భక్తి అనుకుంది. ఇన్నేళ్లలో ఇది ఒక్కరికైనా తట్టలేదు. పరాయి ఊరివాడెవడైనా ఉంటే మొదటి రోజే అడిగేవాడు, వీళ్లంతా చెప్పులెందుకు విప్పారని. వీళ్లకి అది అడగాల్సిన సంగతే కాదు. ప్రదక్షిణలో గాలి పీల్చారని రిపోర్టులో రాస్తామా? ఇదీ అంతే.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ పిచ్చివాళ్లలా నడిచారు. చెప్పులతో, చెప్పుల్లేకుండా, బూట్లతో. ఆఖరికి బూట్లేసుకున్న నూకరాజుతో, "పక్క గదిలో మా మనవరాలు పడుకుందనుకో, లేపావంటే చంపేస్తాను," అంది. నూకరాజు మునివేళ్ల మీద వరండా దాటాడు. తెర మీద తొంభై నాలుగు!

అప్పుడు దేశం మొత్తాన్నీ తెర మీదికి తెచ్చింది. ఆఫీసులకి వెళ్లేవాళ్లు, బడులకి వెళ్లేవాళ్లు, అంగళ్ల ముందువాళ్లు, రైలు దిగినవాళ్లు. బూట్లూ చెప్పులూ అన్నీ వేసుకునే ఉన్నారు. మడమ మాత్రం ఎవరికీ లేదు. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, పక్కవాడికి తెలియకుండా, తమకే తెలియకుండా, కోట్లమంది మనుషులు ఒకేసారి మెల్లగా నడుస్తున్నారు. ఏదో పెద్దది పక్కనే పడుకుని ఉన్నట్టు, అది లేస్తే ఇక అంతే అన్నట్టు. హైమావతి కుర్చీలో కూలబడింది. భయం వేసింది, నిజమే. కానీ భయం కంటే ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. మనుషులు ఎంత వింతైనవాళ్లు, ఎంత పిచ్చివాళ్లు, ఎంత మంచివాళ్లు!

ఢిల్లీకి ఫోన్ చేస్తే ప్రధాని కార్యదర్శి విన్నాడు. విని, మీ సంతకం ఉన్న కాగితం నా ముందే ఉంది మేడమ్, ఇప్పుడు కాదంటే మీ ముప్పై ఏళ్ల పేరు ఏమవుతుందో ఆలోచించుకోండి అని మర్యాదగానే చెప్పి పెట్టేశాడు. ఇంటికెళ్లి చెబితే దామోదరం గారు బీరువా తలుపు తెరిచి, మళ్లీ చప్పుడు కాకుండా మూశారు.

"తప్పు ఒప్పుకుంటే నీ బతుకంతా చేసిన పని గంగలో కలుస్తుంది హైమా."

"ఒప్పుకోకపోతే?"

ఆయన ఉయ్యాల వైపు చూశారు. "రాయి. ఇప్పుడే రాయి. నేను కూర్చుంటాను పక్కన," అన్నారు గుసగుసగా. ఆవిడ రాసింది. కొలత తప్పు, తప్పు నాదే, జనం మీతో కలిసి నడవడం లేదు, భయంతో నడుస్తున్నారు అని నాలుగే వాక్యాలు. కార్యదర్శికి కాదు, తిన్నగా ప్రధాని పేరుకే పంపింది.

గురువారం ఉదయం మిగిలిన ఓడలకి వీడ్కోలు చెప్పడానికి విరూపాక్ష విశాఖ వచ్చాడు. రేవు నుంచి తిరిగి వెళ్తూ ఉన్నట్టుండి కాన్వాయ్‌ని యారాడ వైపు తిప్పించాడట. పది నిమిషాల్లో పరిశోధనశాల నిండా తుపాకులు. వాటి మధ్యలోంచి, ఫొటోల్లో కంటే పొట్టిగా, బాగా అలిసిపోయిన మొహంతో ఒక డెబ్బై ఏళ్ల మనిషి లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీవేనా అమ్మా ఉత్తరం రాసింది? మొన్న అంతా నాతో ఉండారంటివి. నిన్న ఎవరూ లేరంటివి. నన్నేం చేయమంటావు?"

హైమావతి తెర వైపు తిరిగింది. "నేను చెప్పను సార్. మీరే వినండి."

తెర మీది గీతల్ని చప్పుడుగా మార్చి స్పీకర్ పెట్టింది. ముందు పోయినేడు ఇదే రోజు. రేకుల కప్పు మీద పెద్ద వాన పడుతున్నట్టు గదంతా అదిరింది. టపటపటప, లెక్కలేనన్ని మడమలు. విరూపాక్ష ఉలిక్కిపడ్డాడు.

"ఇంతమందా!"

"అందరూ సార్. దేశం మొత్తం. ఇప్పుడు ఈ రోజుది, ఈ నిమిషంది."

వాన ఆగిపోయింది. ఎవరో చాటలో బియ్యం చెరుగుతున్నట్టు సన్నగా, మెత్తగా ఒక రాపిడి. అంతే. అన్ని కోట్ల కాళ్లకి అంతే చప్పుడు.

"ఇది భక్తి కాదంటావు."

"కాదు సార్. ఇంట్లో చంటిబిడ్డ నిద్రపోతుంటే నడిచే నడక. జబ్బు మనిషి ఉంటే నడిచే నడక."

"ఎవరంటే భయం? వాళ్లంటేనా, నేనంటేనా?"

"అది యంత్రానికి తెలీదు సార్."

ఆయన కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. "మా ఊరు వినిపించు. ధర్మవరం అవతల, గంగులకుంట. వాళ్లు నాకు భయపడరు. నన్ను లాగుల్లో చూసినోళ్లు."

హైమావతి వెతికి పెట్టింది. ఒక చిన్న వీధి, ఇరవై ముప్పై మంది. రచ్చబండ దగ్గర ఎవరో నడుస్తున్నారు, మెత్తగా. బోరింగు నుంచి ఎవరో బిందెతో వస్తున్నారు, అంత బరువు మోస్తూ కూడా మెత్తగా. విరూపాక్ష చెయ్యి గడ్డం మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

"మా ఊళ్లో గూడానా," అన్నాడు.

"ఇంకొకటి ఉంది సార్," అంది హైమావతి. ఇది వినిపించాలా వద్దా అని రాత్రంతా మథనపడింది. సముద్రం కింద తీగలు ఉన్నాయి, వాటి అవతలి కొస ఇంకో గడ్డ మీద తేలుతుంది. ఆవిడ బొత్తాం నొక్కింది. మళ్లీ అదే. చాటలో బియ్యం.

"ఇది ఏ ఊరు?"

"అవతలి దేశం రేవు పట్నం సార్."

అవే అడుగులు, అదే మెత్తదనం, అదే భయం. ఈ ఒడ్డేదో ఆ ఒడ్డేదో ముప్పై ఏళ్లు చెవులు అరగదీసుకున్న హైమావతికే తేడా తెలియలేదు, ఆయనకేం తెలుస్తుంది! రెండు దేశాలూ ఒకే ఇంట్లో రెండు గదుల్లా, ఒకరినొకరు లేపకుండా నడుస్తున్నాయి. విరూపాక్ష కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన మొహంలో కోపం కోసం హైమావతి చూసింది. కోపం లేదు. పసిపిల్లలు మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు పెట్టే మొహం అది.

"ఇప్పుడు వెనక్కి తగ్గితే నా పార్టీవాళ్లే నన్ను పీక్కుతింటారు. తెలుసునా నీకు?"

"తెలుసు సార్."

"ఎన్నికల్లో డిపాజిట్ గూడా రాదు."

"రాకపోవచ్చు సార్." అనేశాక నాలుక కరుచుకుంది.

ఆయన నవ్వాడు. "అబద్ధం చెప్పడం రాదమ్మా నీకు. అందుకే వచ్చినా." లేచి, ఇంకేమీ అనకుండా బయటికి నడిచాడు. నూకరాజు హైమావతి మోచెయ్యి పొడిచి తెర చూపించాడు. వరండా మీద బూట్ల గీతలు టంగు టంగుమని లేస్తున్నాయి. వాటి మధ్యన ఒక్క జత కాళ్లకి మాత్రం మడమ లేదు.

శుక్రవారం పన్నెండు కొట్టింది. పరిశోధనశాలలో రేడియో పెట్టుకుని కూర్చున్నారు. ఝాన్సీ కూడా పిల్లని ఒళ్లో వేసుకుని వచ్చింది, ఇంట్లో ఉండలేనంది. దామోదరం గారు కిటికీ పట్టుకుని నిలబడ్డారు. పన్నెండూ అయిదు. పన్నెండూ పది. పన్నెండుంబావుకి విరూపాక్ష గొంతు వచ్చింది. ఈసారి పెద్ద మాటలేవీ లేవు. గడువు ఎత్తేశాను, ఓడల్ని వెనక్కి పిలిచాను, రేపు నేనే ఆ దీవికి మాట్లాడటానికి పోతున్నాను, వాళ్ల నాయకుడూ వస్తానన్నాడు అన్నాడు.

ఎవరూ అరవలేదు, ఎగరలేదు. ఝాన్సీ మొహం పిల్ల బట్టల్లో దాచుకుంది. హైమావతి స్పీకర్ గొంతు పెంచింది. చాటలో బియ్యం అలాగే చెరుగుతోంది. తర్వాత ఎక్కడో ఒక చోట, ఏ ఊరో ఏమో, ఒక్కటంటే ఒక్క 'టప్'. ఇంకొకటి. నాలుగు. వీధి దాటి ఊరికి, ఊరు దాటి జిల్లాకి పాకింది. మధురై, నాగపూర్, గౌహతి. తెర మీద గీతలు లేస్తుంటే నూకరాజు వేలు పెట్టి చూపిస్తూ, "అదుగో, అదుగో," అంటున్నాడు, తను ఏడుస్తున్నానని కూడా అతనికి తెలీదు. అయిదు నిమిషాలు తిరక్కుండా గదంతా వాన! సముద్రం అవతలి తీగ పెడితే అక్కడా అదే వాన. అంత చప్పుడికీ చంటిపిల్ల లేచి కెవ్వుమంది. ఎవరూ ఊరుకోబెట్టలేదు. ఏడవనీ అన్నారు దామోదరం గారు, నెల తర్వాత మొదటిసారి గొంతెత్తి.

పదకొండుమందీ తిరిగొచ్చారు. శశాంక్ వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు. విరూపాక్షని మాత్రం పిరికివాడన్నారు, అమ్ముడుపోయాడన్నారు. ముందు రోజు దాకా దణ్ణం పెట్టినవాళ్లే ఎక్కువగా అన్నారు. సొంత పార్టీలో సగం మంది బయటికి పోయారు. దామోదరం గారు బీరువాలో ఫొటో తియ్యలేదు, ఎవరికీ చూపించనూ లేదు.

ఎన్నికల ముందు విరూపాక్ష ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. పోలింగ్ రోజు సాయంత్రం అయిదింటికి భూశ్రవణిని విప్పేయాలి, మళ్లీ ఎవరూ కట్టకూడదు. జనం అడుగులు వినే చెవి ఏ కుర్చీకీ ఉండకూడదు, నాకు ఉన్నదే ఎక్కువ అని అందులో రాసి ఉంది. హైమావతి చదివి ఏడ్చింది. పదేళ్లు పెంచిన బిడ్డ కదా. కానీ కాదనలేకపోయింది. తొంభై ఒకటి అన్న అంకె ఎంత పని చేయబోయిందో ఆవిడ కంటే ఎవరికి తెలుసు?

పోలింగ్ రోజు పదకొండింటికి పరిశోధనశాల ఫోన్ మోగింది. మధ్యలో కార్యదర్శి ఎవరూ లేడు.

"నేనేనమ్మా. విప్పేసినారా?"

"సాయంత్రం దాకా టైముంది సార్."

"ఒక్కసారి వినిపిస్తావా?"

హైమావతి ఫోన్ తీసుకెళ్లి స్పీకర్ దగ్గర పెట్టింది. ఆ చప్పుడు ముప్పై ఏళ్లలో ఆవిడ ఎప్పుడూ వినలేదు. ముసలివాళ్లవి, ఆడవాళ్లవి, కర్ర పోటుతో వేసేవి, పరుగులాంటివి, అన్ని కోట్ల మడమలు నేలని అదరగొడుతూ ఇంటి గుమ్మాల్లోంచి బయల్దేరి, వీధుల్లో కలుసుకుని, వరసలు కట్టి ఆగుతున్నాయి. యంత్రం మార్కు మూడో నాలుగో చూపిస్తోంది. ఏ ఇద్దరి నడకా ఒక్కలా లేదు.

"యాడికి పోతాండారమ్మా ఇంతమంది?" అన్నాడు విరూపాక్ష. తెలిసే అడిగాడు.

"ఓటెయ్యడానికి సార్."

"నన్ను దింపేదానికి."

ఆవిడ జవాబివ్వలేదు. అబద్ధం చెప్పడం రాదు కదా.

"గట్టిగానే ఏస్తాండారే అడుగులు!" అన్నాడు. ఆ గొంతులో బాధ ఉందేమోనని హైమావతి చెవి ఆనించి విన్నది. నవ్వుతున్నాడు. మనవడు మొదటిసారి తనని తోసేసి పరిగెత్తితే తాత నవ్వినట్టు నవ్వుతున్నాడు.

"పెట్టేయద్దమ్మా," అన్నాడు. "ఇంకా కొంచేపు వింటా."

హైమావతి ఫోన్‌ని స్పీకర్‌కి ఇంకాస్త దగ్గరగా జరిపి, చెయ్యి నొప్పి పుడుతున్నా అలాగే పట్టుకుని నిలబడింది.